దుప్పటి కింది సంచి

గిరిప్రసాద్ సారు దేవుడని పలమనేరులో ఎవరినడిగినా చెబుతారు. పాలకేంద్రం దగ్గర అడగండి, బస్టాండు పక్క టీ కొట్టులో అడగండి, హైస్కూల్లో పదో తరగతి పిల్లల్ని అడగండి, అదే మాట. రెండేళ్ళుగా ఆ మాట వినీ వినీ అతనికే అది నిజమేమో అనిపించసాగింది. మనిషికి అంతకంటే ప్రమాదం ఇంకొకటి ఉండదు. ఆ సంగతి అతనికి తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

జయంతి అతనికి భార్య మాత్రమే కాదు, మేనమామ కూతురు. పావడా కట్టుకున్న నాటి నుంచీ అతన్ని బావా అనే పిలిచేది, పెళ్ళయినాక కూడా ఆ పిలుపు మార్చలేదు. బజారు వీధిలో చిన్న టైలరింగ్ షాపు నడిపేది. పెళ్ళిళ్ళ సీజను వస్తే జాకెట్లు కుట్టించుకోవడానికి ఆడవాళ్ళు క్యూ కట్టేవాళ్ళు. 2001లో లైనింగ్ గుడ్డ తేవడానికి చిత్తూరు పోయి వస్తూంటే మొగిలి ఘాట్లో జీపు బోల్తా పడింది. ఆమె వెన్నెముక రొమ్ముల ఎత్తున విరిగింది. చేతులు మిగిలాయి, మాట మిగిలింది, వెక్కిరింపు మిగిలింది. ఆ కిందిదంతా ఆమెకు తెలియకుండా పోయింది. కుట్టుమిషన్ తొక్కే కాళ్ళు పోయాయి గానీ చేతుల్లో పట్టు ఎక్కడికీ పోలేదు. మంచం మీదే కూర్చుని చీరలకు ఫాల్స్, జాకెట్లకు హుక్కులు, కాజాలు కుట్టేది.

మిగతాదంతా గిరిప్రసాదే. అబద్ధమెందుకు, చేశాడు. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పేవాడు, స్నానం చేయించేవాడు, తల దువ్వి జడ వేసేవాడు. మూత్రానికి వేసిన ట్యూబు చివర సంచి ఉంటుంది గదా, దాన్ని పూటపూటకీ వంపి, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, ఏ టైముకు వచ్చిందో, ఆనాటి బీపీ ఎంతో నోట్సులో రాసేవాడు. రెండొందల పేజీల లాంగ్ నోట్సు, అట్ట వేసి, లేబులు అంటించి, గీతలు కొట్టి మరీ. చూడవచ్చిన ప్రతి చుట్టానికీ ఆ నోట్సు తీసి చూపించేవాడు. వాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. ఆ వేలేసుకోవడం కోసమే చూపిస్తున్నాడని జయంతికి తెలుసు. "ఇంక సంతకం పెట్టించుకో బావా, ఇనస్పెక్షన్ అయిపోయింది" అని ఆటపట్టించేది.

తిరుపతిలో ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేరోజున డాక్టరు ప్రశాంతి అతన్ని కూర్చోబెట్టి ఒక విషయం చెప్పింది. చిన్న వయసు డాక్టరు, మాట మాత్రం కత్తిరించినట్టు ఉండేది.

"మీరు జీవశాస్త్రం సారు గదా, మీకు తేలిగ్గానే అర్థమవుతుంది. వెన్నుపాము తెగిందంటే కింది ముక్క చచ్చిపోయిందని అనుకోవద్దు. అది బతికే ఉండాది. దాని పని అది చేసుకుంటానే ఉంటుంది. మూత్రాశయం నిండిపోయిందనుకోండి. ఆ కబురు వెన్నుపాముకి పోతుంది. అక్కడి నుంచి సహానుభూత నాడులు రెచ్చిపోయి కింద ఉండే రక్తనాళాలన్నిటినీ బిగించేస్తాయి. బీపీ లేస్తుంది. మనలాంటోళ్ళకైతే మెదడు వెంటనే 'చాల్లే, వదులు' అని పైనుంచి చెప్తుంది. ఈమెకి ఆ మాట తెగినకాడే ఆగిపోతుంది. పైన ముఖం ఎర్రబడతాది, చెమట కారతాది, తల పగిలిపోతాది. కిందేమో ఆ బిగింపు వదలదు."

"అంటే మేడమ్, చేనికాడ బోరు మోటారు ఆడతా ఉంటే, ఆపే స్విచ్చి ఇంట్లో ఉండి, మధ్యలో వైరు తెగినట్టు" అన్నాడు గిరిప్రసాద్.

"సరిగ్గా చెప్పినారు. ఆమె ఎప్పుడన్నా తలనొప్పి అన్నదంటే తలనొప్పి మాత్ర వెతకొద్దు. నిటారుగా కూర్చోబెట్టి ముందు ట్యూబు చూడండి. మడత పడిందా, అడ్డం పడిందా, చూసి సరిచేయండి. సంచి ఎప్పుడూ మంచం కంటే కిందనే యాలాడాలి. ఆలస్యమైతే ఫిట్సు వస్తాయి, మెదడులో నరం చిట్లొచ్చు. నిమిషాల మీద నడిచే యవ్వారం ఇది."

ఆ బోరు మోటారు ఉదాహరణ అతనికి ఎంత నచ్చిందంటే, పదో తరగతిలో నాడీవ్యవస్థ పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. కాబట్టి అతనికి తెలియక జరిగిందని ఎవరూ అనుకోకండి. తెలుసు. పాఠం చెప్పేంత తెలుసు.

2003 మార్చిలో మహిళా దినోత్సవం రెండో శనివారం నాడు పడింది. దానికి నాలుగు రోజుల ముందు బట్టల షాపు ఢిల్లీబాబు స్కూలుకు ఫోన్ చేశాడు. ఊళ్ళో పదిమంది వ్యాపారులు కలిసి పెట్టుకున్న సేవాసమితికి అతను సెక్రటరీ.

"సారూ, ఈసారి మహిళా దినోత్సవానికి ఆడోళ్ళకి గాదు, ఆడోళ్ళని బాగా సూసుకునే మగోడికి సన్మానం చేద్దామని తీర్మానం చేసినాం. ఊర్లో మీరు దప్ప ఇంకెవరుండారు? మీ ఇంటికాడికే వస్తాం. పేపరాయన కూడా వస్తాడు. కొండకి పోయిన మా బామ్మర్ది శ్రీవారి శేషవస్త్రం, లడ్డు ప్రసాదం తెస్తాండాడు. రూము కొంచెం శుద్ధంగా ఉండేట్టు సూసుకోండి, ఏమనుకోవద్దు."

ఏమనుకోవద్దు అన్నమాటే గిరిప్రసాద్ గుండెలో గుచ్చుకుంది. శనివారం పొద్దున ఐదింటికే లేచి ఫినాయిల్ పోసి గది కడిగాడు, ఊదొత్తులు వెలిగించాడు, జయంతికి తలంటి పట్టుచీర చుట్టాడు. ఆమెకు కాఫీ ఇచ్చాడు, ఎండలు మొదలయ్యాయని చెంబెడు మజ్జిగ కూడా తాగించాడు. దిండ్లు పెట్టి వెనక్కి ఆనించి కూర్చోబెట్టాడు. అప్పుడు వాకిట్లో నిలబడి, వచ్చేవాళ్ళ కళ్ళతో గదిని ఒకసారి చూశాడు. మంచం పట్టెకు వేలాడుతున్న సంచి, అందులో సగం దాకా పచ్చటి నీళ్ళు. మొట్టమొదట కనిపించేది అదే.

సంచిని వంపి కడుక్కొచ్చాడు. కానీ తిరిగి మంచం పట్టెకు తగిలించలేదు. ఆమె తొడల మధ్య పరుపు మీద పడుకోబెట్టి, మోకాళ్ళ కింద ఒక దిండు పెట్టి, పైన చలికాలం దుప్పటి నాలుగు మడతలు వేసి కప్పాడు.

"బావా, సంచి పైన పెట్టకూడదని ఆ మేడమ్ చెప్పింది గదా?"

"ఒక్క అరగంటే. శేషవస్త్రం తెస్తాండారు జయా, స్వామి ప్రసాదం. దాని పక్కన ఇది యాలాడతా ఉంటే బాగుంటాదా?"

"స్వామికి తెలీదా నాకు సంచి ఉండాదని?" అని నవ్వింది జయంతి. "అయినా వాళ్ళు వస్తాండేది నన్ను సూసేకా, నిన్ను సూసేకా?"

అతను అద్దంలో చూసుకుంటూ చొక్కా చేతులు సరిచేసుకున్నాడు. స్వామి పేరు చెప్పి తప్పించుకున్నాడు గానీ, అసలు సిగ్గు స్వామి ముందు కాదు, పేపరువాడి ముందు. ఫోటోలో ఆ సంచి పడితే జిల్లా అంతా దాన్నే చూస్తుంది, తనను చూడదు.

పదింటికి రావాల్సినవాళ్ళు పదకొండుకు వచ్చారు. సన్మానాల్లో మనవాళ్ళు వేళకు వచ్చిందెప్పుడు గనక! ఢిల్లీబాబు, సమితి వాళ్ళు ఐదారుగురు, స్కూలు హెడ్మాస్టరు మునిరామయ్య, కెమెరా మెడలో వేసుకున్న పేపరాయన. కుర్చీలు చాల్లేదు. పళ్ళెంలో లడ్డూలు, పళ్ళు, పసుపు కుంకుమలు, పైన మడిచి పెట్టిన శేషవస్త్రం. వాళ్ళ వెంట వచ్చిన ఆడవాళ్ళలో ఒకావిడ జయంతికి బొట్టు పెట్టి, "అదృష్టవంతురాలివమ్మా" అంది. ఎవరు అలా అన్నా ఏదో ఒకటి తిరగేసి అనే జయంతి ఆరోజు ఏమీ అనలేదు. గిరిప్రసాద్ అది గమనించాడు. గమనించి వదిలేశాడు.

హెడ్మాస్టరు ముందు మాట్లాడారు. ఆయన మొదలుపెట్టీ పెట్టగానే గిరిప్రసాద్ చొక్కా చేతిని ఎవరో పట్టి లాగారు. మంచం పక్కనే నిలబడి ఉన్నాడు గదా, జయంతి చేయి. ఒకసారి కాదు, రెండుసార్లు, గట్టిగా. అతను వంగి చూశాడు. ఆమె ముఖం ఎర్రగా ఉంది, పై పెదవి మీద చెమట సన్నగా పట్టింది. చేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. తెలిసిన గుర్తులే, ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు. అతను ఏం చేశాడో తెలుసా? నవ్వుముఖంతోనే ఆ చేతిని తన చొక్కా నుంచి విడిపించి, పరుపు మీద పెట్టి, పైన తన చేయి వేసి అదిమాడు. "ఆ, అట్లే ఉండండి సార్" అన్నాడు పేపరాయన. ఫ్లాష్ మెరిసింది.

హెడ్మాస్టరు తర్వాత ఢిల్లీబాబు లేచాడు. సన్మానపత్రం రెండు పేజీలు, రంగు కాగితం మీద అచ్చేయించి ఫ్రేము కట్టించారు. "సహనమూర్తీ, త్యాగధనా" అని మొదలైంది. అప్పుడు జయంతి నోరు తెరిచి అంది, గొంతు చిన్నగా, అతనొక్కడికే వినపడేట్టు.

"బావా, తలకాయ పగిలిపోతా ఉండాది."

ఇక తెలియదనడానికి వీల్లేదు. డాక్టరు చెప్పిన మాట ఆమె నోటి నుంచి అచ్చంగా వచ్చింది. దుప్పటి తీయాలి, చీర జరపాలి, ట్యూబు ఎక్కడ నలిగిందో వెతకాలి, ఇంతమంది మగవాళ్ళ ముందు, పేపరాయన ముందు, శేషవస్త్రం ముందు. "ఒక్క నిమిషం బయటికి పోండి" అని ఒక్క మాట చాలు. ఆ మాట అతని నాలుక చివరికి వచ్చింది కూడా. కానీ ఢిల్లీబాబు అప్పుడే "భార్య కంట నీరు చూడలేని మీ హృదయం" అనే వాక్యం చదువుతున్నాడు, ఇంకా పేజీన్నర ఉంది. ఛీ ఛీ, చెప్పడానికే నోరు రావడం లేదు, ఆ మిగతా పేజీన్నర వినాలనిపించింది అతనికి. రెండేళ్ళు రాత్రనక పగలనక చేసిందానికి ఒక పేజీన్నర వింటే తప్పేముందనిపించింది.

"ఐదు నిమిషాలు ఓర్చుకో జయా" అన్నాడు వంగి.

ఆమె అతని వైపు చూడలేదు. ఎదుటి గోడ మీద గడియారాన్ని చూస్తూ ఉండిపోయింది. చెమట నుదుటి నుంచి కారి బొట్టును కరిగించి ముక్కు మీదికి దించింది. పత్రం అయ్యింది. శాలువా కప్పారు. శేషవస్త్రం తల మీద చుట్టారు. తర్వాత ఒక్కొక్కరుగా చేయి పట్టి ఊపారు, ప్రతి ఒక్కరూ ఒక మంచి మాట చెప్పారు, అతను ప్రతి ఒక్కరికీ నమస్కారం పెట్టాడు. ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి.

"బావా, యాడుండావు? కండ్లు కనపళ్ళేదు" అంది జయంతి, ఈసారి గట్టిగా, అందరికీ వినపడేట్టు. ఆ తర్వాత ఆమె తల ఒక పక్కకు తిరిగిపోయింది, దవడ బిగుసుకుంది, చేతులు కొట్టుకోసాగాయి.

అప్పుడు అతను దుప్పటి లాగేశాడు. చీర లాగేశాడు. ఎవరున్నారో, ఎవరు చూస్తున్నారో ఏమీ పట్టలేదు. మోకాళ్ళ కింద పెట్టిన దిండు కింద ట్యూబు మడిచిన కాగితంలా అణిగిపోయి ఉంది. దాన్ని లాగి సంచిని కిందికి దించగానే మూత్రం దుమికింది. నిటారుగా కూర్చోబెట్టి, రవికె హుక్కులు విప్పి, బీపీ పట్టీ చుట్టాడు. రెండొందల ఇరవై. నాలుక కింద మందు వేశాడు. సంచి నిండుతూ ఉంటే అంకె దిగుతూ వచ్చింది, నూటతొంభై, నూటయాభై, నూటపది. ఇరవై నిమిషాలకు ఆమె కళ్ళు తెరిచింది. మనుషులు మనుషుల్లా కనిపించడానికి ఇంకో అరగంట పట్టింది.

శాలువా ఇంకా అతని భుజాల మీదే ఉంది.

వాకిట్లోకి జరిగి నిలబడ్డవాళ్ళలో ఒకరూ కదల్లేదు. ఢిల్లీబాబు కళ్ళు తుడుచుకుంటూ, "సూసినారా, సూసినారా! డాక్టరు వచ్చేదాకా ఆగలా. కండ్లముందరే యముడి చేతిలోంచి లాక్కొచ్చినాడు. ఈ మనిషికి శాలువా గాదప్పా, గుడి కట్టినా తక్కువే" అన్నాడు. హెడ్మాస్టరు అతని భుజం తట్టి, "ఏమైంది సార్, ఉన్నట్టుండి?" అని అడిగారు.

నోరు తెరవడానికి అది రెండో అవకాశం.

"ట్యూబులో మడ్డి అడ్డం పడినట్టుంది సార్. ఒక్కోసారి అంతే, చెప్పా పెట్టకుండా వస్తాది" అన్నాడు గిరిప్రసాద్.

మంచం మీద జయంతి కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోయిందనుకున్నాడు. ఆ సాయంత్రం నోట్సులో, స్కేలు పెట్టి గీసిన గడిలో, చక్కటి అక్షరాలతో రాశాడు: తలనొప్పి 11.45, ఫిట్సు 11.50, ట్యూబు సరిచేసింది 11.50. కారణం, మడ్డి.

"ఏం రాసినావు?" అని అడిగింది జయంతి.

చదివి వినిపించాడు.

"సరే" అంది. ఆ రోజుకే కాదు, ఆ తర్వాత పది రోజులూ ఆ సంగతి ఆమె ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది, ఏడ్చి ఉంటే బాగుండేది. జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ, అడిగినదానికి జవాబు చెబుతూ, మామూలుగానే ఉంది. ఆటపట్టించడం మాత్రం మానేసింది. నోట్సు తీసి ఎవరికైనా చూపించబోతే తల దించుకుని దారం ఎక్కించుకునేది.

పేపర్లో జిల్లా పేజీలో ఫోటో వేశారు. కింద 'చేతిలో చేయి వేసి' అని రాశారు. స్కూల్లో దాన్ని నోటీసు బోర్డు మీద అంటించారు. పిల్లలు ఆ ఫోటో ముందు నిలబడి తనకు నమస్కారం పెడుతుంటే గిరిప్రసాద్ స్టాఫ్ రూముకు వెనక దారిన పోవడం మొదలుపెట్టాడు. పేపరాయన రంగు ఫోటో కాపీ ఒకటి పెద్దది చేయించి పంపాడు. దాన్ని ఇంట్లో గోడకు పెట్టడానికి చేతులు రాలేదు. పారేయడానికీ చేతులు రాలేదు. చివరికి తీసుకుపోయి జయంతి ఆసుపత్రి ఫైల్లో పెట్టాడు. ఫైల్లో ఎందుకు పెట్టావంటే ఏం చెబుతాడు! డాక్టరమ్మ చూస్తుందని పెట్టాడు. సిగ్గుతో చస్తూ కూడా ఇంకొకరు చూడాలని ఉండే ఆ గుణాన్ని ఏమనాలో మీరే అనుకోండి.

పది రోజులకు డాక్టరుకు చూపించడానికి తిరుపతి పోవాల్సి వస్తే ఢిల్లీబాబు తన మారుతి వ్యాను ఇచ్చాడు. హెడ్మాస్టరు గారు తోడు వస్తానని బయల్దేరారు. చంద్రగిరి దాటేదాకా ఆయన ఒకటే మాట, జిల్లా కలెక్టరుకు ఉత్తమ ఉపాధ్యాయుడి అవార్డుకు పేరు పంపుతున్నాననీ, ఈ సేవ సంగతి కూడా అందులో రాస్తాననీ. వెనక సీట్లో జయంతి కిటికీలోంచి కొండనే చూస్తూ కూర్చుంది.

డాక్టరు ప్రశాంతి నోట్సు పేజీలు తిప్పింది. మార్చి ఎనిమిది దగ్గర ఆగింది. మళ్ళీ చదివింది.

"తలనొప్పి మొదలైన ఐదు నిమిషాలకే ఫిట్సా?"

"ఆ డాక్టరమ్మా" అన్నారు హెడ్మాస్టరు, అడగకపోయినా. "మేమంతా ఆడనే ఉన్నాం. మా సారు ఒక్క చణం ఆలస్యం చేసింటే ఈ బిడ్డ మనకు దక్కేది కాదు."

డాక్టరు ఆ మాట పట్టించుకోలేదు. "ఇంత తొందరగా రెండొందల ఇరవైకి పోయిందంటే ఇది మామూలు అడ్డం కాదు సార్. మూత్రాశయంలో రాయో, ఇంకోటో ఉండి రెచ్చగొడతా ఉండాలి. ఎక్స్‌రేలో అన్ని రాళ్ళూ కనపడవు. లోపలికి గొట్టం వేసి చూడాల్సిందే, మత్తు ఇచ్చి. ఈమెలాంటోళ్ళకి ఆ గొట్టం వేసేటప్పుడే మళ్ళీ బీపీ ఎగిరే ప్రమాదం కూడా ఉండాది. కానీ తప్పదు. రేపే అడ్మిట్ అవ్వండి" అని కాగితం తీసుకుని రాయసాగింది.

గిరిప్రసాద్ జయంతి వైపు చూశాడు. ఆమె చక్రాల కుర్చీలో నిటారుగా కూర్చుని అతన్నే చూస్తోంది. కోపం లేదు, బతిమాలడం లేదు. ఆమె నోరు తెరిచి చెప్పగలదు, చెప్పడం లేదు. లేని రాయి కోసం ఆమె ఒంట్లో గొట్టం దించుతారు, ఆ గొట్టం దించేటప్పుడు తల మళ్ళీ పగిలిపోవచ్చు, ఈసారి నరం చిట్లవచ్చు. తను రాసిన రెండు గడుల కోసం. డాక్టరు పెన్ను కాగితం సగానికి వచ్చింది. పక్కన హెడ్మాస్టరు అడ్మిషన్‌కు ఏమేం కావాలో అడుగుతున్నారు.

"మేడమ్, ఆగండి" అన్నాడు. "మడ్డి ఏం లేదు. సంచి నేనే పైన పెట్టినాను. దుప్పటి కింద. వచ్చినోళ్ళకి కనపడకూడదని. ట్యూబు దిండు కింద నలిగిపోయింది."

డాక్టరు పెన్ను ఆపింది.

"తలనొప్పి అని ఈమె నాకు చెప్పింది. నాకు అర్థమైంది కూడా. అందరి ముందర చీర జరపలేక, సన్మానపత్రం మధ్యలో ఆపలేక, ఐదు నిమిషాలు ఓర్చుకోమన్నాను. నోట్సులో టైము నేను మార్చి రాసినాను. ఐదు నిమిషాలు గాదు మేడమ్, ఇరవై ఐదు నిమిషాలు."

ఇరవై ఐదు అని చెప్పేసి తల దించుకున్నాడు. అయినా లోపల ఎక్కడో చిన్న ఊరట. చెప్పేశాను, అంతా చెప్పేశాను అనుకున్నాడు. హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి, ఆయన మాత్రం తుడుస్తూనే ఉన్నారు.

"నలభై మేడమ్" అంది జయంతి.

గిరిప్రసాద్ తల తిప్పి చూశాడు.

"నోటితో చెప్పింది పదకొండూ ఇరవై ఐదుకి. అంతకు ముందరే, పదకొండూ పదికి ఈయన చొక్కా పట్టి లాగినాను. రెండుసార్లు. గడియారం నా ఎదురుగానే ఉండాది." ఫైలు అందుకుని, పేజీలు తిప్పి, పెద్ద రంగు ఫోటో బయటికి లాగి బల్ల మీద పెట్టింది. "ఇదో, ఇదే. చెయ్యి విడిపించి కింద పెట్టి అదిమినాడు. అప్పుడే ఆ పేపరాయన ఫోటో తీసినాడు."

డాక్టరు వంగి చూసింది. గిరిప్రసాద్ కూడా చూశాడు. ఈ పది రోజుల్లో ఆ ఫోటోను ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు. తన నవ్వును చూశాడు, తన చేతిని చూశాడు, పక్కనున్నవాళ్ళ ముఖాల్లో గౌరవాన్ని చూశాడు. అతని చేతి కింద ఆమె వేళ్ళు పిడికిలి బిగించి ఉండడం ఇప్పుడు చూశాడు. ఆమె పై పెదవి మీద చెమట ఫ్లాష్ వెలుగులో మెరుస్తోంది. మంచం వెనక బీరువా అద్దంలో, ఎదుటి గోడ మీది గడియారం కూడా పడింది. అద్దంలో తిరగబడి ఉన్నా టైము తెలుస్తూనే ఉంది.

హెడ్మాస్టరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "నేను వ్యాను కాడ ఉంటానప్పా" అని లేచి వెళ్ళిపోయారు. సార్ అనలేదు.

డాక్టరు తను రాస్తున్న కాగితాన్ని రెండుగా చింపి బుట్టలో వేసింది. నలభై నిమిషాలు నలిగితే ఎవరికైనా అంతే అవుతుందనీ, గొట్టం అక్కర్లేదనీ, తల స్కాను ఒకటి తీయించి, అందులో ఏమీ లేకపోతే ఇంటికి పోవచ్చనీ చెప్పింది. అతన్ని తిట్టలేదు. నోట్సు అతని ముందుకు జరిపి, పెన్ను ఇచ్చి, "మీరే దిద్దండి" అంది. అతను 11.45 కొట్టేసి 11.10 అని రాశాడు. మడ్డి అన్నదాన్ని కొట్టేసి పక్కన ఏం రాయాలో తెలియక చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. చివరికి "నేను" అని రాశాడు.

బయట వరండా నిండా జనం. స్కాను గది అటు చివర ఉంది. చక్రాల కుర్చీ కదిలించబోతూ, సంచి ఆమె కాళ్ళ మీద కప్పిన తువ్వాలు కింద ఉండడం చూశాడు. వ్యాను దిగేటప్పుడు అలవాటుగా తనే అక్కడ పెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని తీసి, కుర్చీ పక్క ఇనుప చట్రానికి, కిందుగా, అందరికీ కనపడేట్టు తగిలించాడు. ట్యూబు పొడవునా వేలు పెట్టి మడత లేదని చూసుకున్నాడు.

లేచి నిలబడేటప్పుడు అతని కళ్ళు వరండాలో అటూ ఇటూ పోయాయి. సంచిని ఎవరు చూస్తున్నారా అని కాదు. తను దాన్ని తగిలించడం ఎవరైనా చూశారా అని.

జయంతి చూసింది. "ఎవరూ సూళ్ళేదులే బావా, పద" అంది.